క్లౌడ్‌లోకి ఎక్కించాక నాన్న రికార్డింగుల తేదీలన్నీ పోయాయి, వెనక్కి వచ్చే దారి ఉందా?

చంపావతి, శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద కథే, ఓపిక చేసుకుని చదవండి.

మా నాన్నగారు శృంగవరపుకోటలో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఒక చిన్న రికార్డరు జేబులో వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగారు. జముకుల కథలు, తప్పెటగుళ్ళు, ఊడ్పు పాటలు, పెళ్లి పాటలు, ఏవి దొరికితే అవి రికార్డు చేసుకొచ్చారు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. పోయిన ఏడాది మాఘమాసంలో నాన్న కూడా వెళ్లిపోయారు.

ఆయన లాప్‌టాప్‌లో 412 ఆడియో ఫైళ్లున్నాయి. ఏ ఊరు వెళ్లినా ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, కాఫీ కూడా తాగకుండా, ఆ ఊరి పేరుతో కొత్త ఫోల్డర్ తెరిచి అందులో వేసేవారు. అందుకే ఫోల్డర్ తయారైన తేదీయే రికార్డింగ్ తేదీ. ఇంట్లో అందరికీ అది తెలుసు కాబట్టి ఎవరం వేరే రాసిపెట్టలేదు. ఫైళ్లకు మాత్రం రికార్డరు ఇచ్చిన నంబర్లే.

మూడు నెలల కిందట ఫోల్డర్లన్నీ బ్రౌజర్‌లోంచి లాగి ఒక క్లౌడ్‌లో వేశాను. రెండు రోజులు పట్టింది. ఫైళ్ల లెక్క సరిచూశాను, పదీ పదిహేను ప్లే చేసి విన్నాను. అంతా బాగానే ఉంది. లాప్‌టాప్ ఫార్మాట్ చేసి మా పిన్ని కొడుక్కి చదువుకోవడానికి ఇచ్చేశాం.

మొన్న జానపద కళల మీద పరిశోధన చేస్తున్న ఒకాయన ఫోన్ చేసి, "అమ్మా, ఈ సిరిమాను పాట ఏ ఏడాదిది?" అని అడిగారు. చూసి చెప్తానని క్లౌడ్ తెరిస్తే ప్రతి ఫోల్డర్ మీదా, ప్రతి ఫైలు మీదా నేను ఎక్కించిన ఆ రెండు రోజుల తేదీలే. పదేళ్లు తిరిగిన మనిషి రెండే రోజుల్లో అన్నీ చేసినట్టుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏదైనా దారి ఉంటే చెప్పండి.


ఓరుగల్లు, శనివారం రాత్రి 11:05

టెన్షన్ పడకండి అక్కా. ఒక ఫైలు మళ్లీ డౌన్‌లోడ్ చేసి, రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో క్రియేటెడ్ తేదీ చూడండి. అసలు తేదీ అందులోనే ఉంటుంది, పైకి కనిపించేది వేరు.


సర్వర్‌గది, శనివారం రాత్రి 11:31

ఓరుగల్లు గారూ, అలా రాదండి. డౌన్‌లోడ్ చేసిన ఫైలుకు క్రియేటెడ్ తేదీ అంటే ఈ డిస్క్ మీద అది పుట్టిన క్షణం, అంటే ఈ రాత్రే. విండోస్‌లో ఫైలును ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేసినా అంతే. మాడిఫైడ్ తేదీ పాతదే ఉంటుంది, క్రియేటెడ్ కొత్తదవుతుంది. పుట్టకముందే మారినట్టు కనిపించే ఫైళ్లు అందుకే ఉంటాయి.

చంపావతి గారూ, ముందు ఏం జరిగిందో చెప్తాను, అప్పుడు ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది. గోదాములో బియ్యం బస్తా మీద చీటీ కడతారు చూడండి, ఏ రైతుది, ఏ రోజు వచ్చింది అని. బియ్యం లోపల ఆ వివరం ఉండదు. ఫైలు పేరు, తేదీ, ఓనరు, ఎవరు తెరవొచ్చు అనే పర్మిషన్లు అన్నీ ఆ చీటీ లాంటివి. అవి ఫైలులో ఉండవు, డిస్క్ తన రిజిస్టరులో రాసుకుంటుంది. లారీ మారేటప్పుడు చీటీ ఊడితే బియ్యానికి ఏమీ కాదు, అందుకే మీ పాటలన్నీ చక్కగా మోగుతున్నాయి.

బ్రౌజర్‌లోకి ఫైలు లాగినప్పుడు ఆ వెబ్ పేజీకి అందేవి నాలుగే: పేరు, సైజు, రకం, చివరిసారి మారిన సమయం. క్రియేటెడ్ తేదీ అసలు దాటదు. ఫోల్డర్ సంగతి ఇంకా కష్టం. ఫోల్డర్ ఒక వస్తువుగా వెళ్లదు, ఫైలు పేరుకు ముందు దారి పేరుగా మాత్రమే వెళ్తుంది. దానికి తేదీ ఇవ్వడానికి చోటే లేదు. ఆ నాలుగోదైనా వాడుకుంటుందా లేదా అన్నది అవతలి సర్వీసు ఇష్టం. కొన్ని దాచుకుంటాయి, కొన్ని ఎక్కించిన సమయమే వేసేస్తాయి.

మీకు మూడు ప్రశ్నలు. లాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీయా, పాత తిరిగే హార్డ్ డిస్కా? రికార్డరు, దాని మెమరీ కార్డు ఉన్నాయా? ఆడియో ఫైళ్లు వేవ్ రకమా, ఎంపీత్రీలా? ఇవి చెప్పేదాకా ఏదీ తెరవకండి, ఏ కార్డూ కంప్యూటరులో పెట్టకండి.


చంపావతి, ఆదివారం ఉదయం 6:50

లాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ. తమ్ముడు మూడు నెలలుగా రోజూ వాడుతున్నాడు. రికార్డరు ఉంది. రెండు కార్డులు నాన్న మందుల డబ్బాలో దొరికాయి, పొద్దున్నే వెతికాను. మొదట్లోవి 268 వేవ్ ఫైళ్లు, తర్వాతవి 144 ఎంపీత్రీలు.

ఒక మాట. ఫైళ్ల మీద మొదటినుంచీ ఏదో 2009 అని తేదీ ఉండేది. నాన్న ఈ రికార్డరు కొన్నదే 2012లో. గడియారం ఎప్పుడూ సరిచెయ్యలేదు, ఆ చిన్న బటన్లతో ఆయనకు విసుగు. అది తప్పుడు తేదీ అని తెలుసు కాబట్టి మేం ఫోల్డర్ తేదీనే చూసేవాళ్లం.


సర్వర్‌గది, ఆదివారం ఉదయం 8:15

ఎస్‌ఎస్‌డీ మీద ఆశ వదిలేయండి. ఫార్మాట్ అయ్యాక ఖాళీ అయిన చోటును ట్రిమ్ అనే పని వల్ల డిస్కే తుడిచేసుకుంటుంది. పైగా మూడు నెలల వాడకం. రికవరీ షాపు వాళ్లు డబ్బు అడిగితే ఇవ్వకండి.

కార్డులే మనకు దిక్కు. ఎస్‌డీ కార్డు అంచున చిన్న జారుడు మీట ఉంటుంది, దాన్ని లాక్ వైపు జరపండి. ఆ తర్వాతే కార్డ్ రీడర్‌లో పెట్టండి. ముందు కార్డు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నది ఉన్నట్టు నకలుగా తీసుకుని, ఇక చేసేదంతా ఆ ఇమేజ్ మీదే చెయ్యండి.

నాన్నగారు కార్డులోంచి ఫైళ్లు డిలీట్ చేసి ఉన్నా ఫరవాలేదు. ఈ కార్డులు ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి. అందులో డిలీట్ అంటే రిజిస్టరులో ఆ ఫైలు పేరు మొదటి అక్షరం మాత్రమే కొట్టేయడం. మిగతా పేరు, తేదీ, సైజు ఆ వరుసలో ఇంకో ఫైలు వచ్చి కూర్చునేదాకా అలాగే పడి ఉంటాయి. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాం ఆ రిజిస్టరు చదువుతుంది. దానితోపాటే వచ్చే ఫొటోరెక్ మాత్రం వద్దు. అది రిజిస్టరు చూడదు, లోపలి సరుకును బట్టి ఫైళ్లు ఏరుతుంది, పేర్లూ తేదీలూ ఇవ్వదు. చాలామంది ఆ రెండూ ఒకటే అనుకుని తప్పు దాన్ని తెరుస్తారు.


పుస్తకాల బీరువా, ఆదివారం ఉదయం 9:40

నేను ఒక గ్రంథాలయంలో పాత టేపులు డిజిటల్ చేసే విభాగంలో పనిచేస్తాను. అమ్మా, మీ వేవ్ ఫైళ్లు చూసే లోపు దిగులు పడొద్దు.

వేవ్ ఫైలులో శబ్దమే కాదు, పక్కన చిన్న చిన్న అరలు కూడా ఉండొచ్చు. యూరప్ ప్రసార సంస్థల యూనియన్ 1997లో బ్రాడ్‌కాస్ట్ వేవ్ అని ఒక పద్ధతి పెట్టింది. అందులో బెక్స్ట్ అనే అర ఉంటుంది. రికార్డింగ్ మొదలైన తేదీకి పది అక్షరాలు, సమయానికి ఎనిమిది అక్షరాలు దానిలో కేటాయించారు. చేతిలో పట్టుకునే రికార్డర్లలో చాలావాటికి ఈ అర నింపే అలవాటుంది. ఇది బస్తా మీద చీటీ కాదు, బియ్యంలోనే కలిసిపోయి ఉంటుంది. క్లౌడ్‌కు వెళ్లినా, వెనక్కి వచ్చినా పోదు.

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఒక ఫైలు తెరిచి, ఎన్‌కోడెడ్ డేట్ అనే వరుస ఉందో లేదో చూసి చెప్పండి. తెరిచి చూడండి చాలు, ఏదీ సేవ్ చెయ్యొద్దు.


నల్లకోటు, ఆదివారం ఉదయం 11:20

చంపావతి గారి సంగతి కాదు గానీ, ఈ చర్చ చదివేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. గుంటూరులో సివిల్ కేసులు చూస్తాను. పొలం సరిహద్దు తగాదాలో ఒక క్లయింటు సర్వే రాళ్ల ఫొటోలు తెచ్చారు. రాళ్లు పీకెయ్యకముందు తీసినవి. ఏ రోజు తీశారన్నదే కేసుకు ప్రాణం. ఆయన తన ఫోన్‌లోంచి అల్లుడికి వాట్సాప్‌లో పంపి, ఫోన్ నిండిందని అసలువి చెరిపేసి, అల్లుడి కాపీలు క్లౌడ్‌లో పెట్టి నాకు లింకు ఇచ్చారు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లోపలి ఎగ్జిఫ్ వివరాలు, అంటే తీసిన తేదీ, కెమెరా, చోటు అన్నీ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపి ఉంటే ఉండేవి. మిగిలింది ఫైలు పేరులో వాట్సాప్ పెట్టిన తేదీ ఒక్కటే. అది పంపిన రోజు, తీసిన రోజు కాదు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి. పాత చట్టంలో 65బీ చేసిన పని ఇప్పుడు ఇది చేస్తుంది. దాని కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి. అయితే ఒకటి గుర్తుంచుకోండి, ఫైలులోపల ఉన్నదానికే హ్యాష్ వస్తుంది. బయటి తేదీ మారినా హ్యాష్ మారదు. ఫైలు మారలేదని అది రుజువు చేస్తుంది గానీ, ఎప్పటిదో చెప్పదు. కోర్టు దాకా వెళ్లే అవకాశమున్న ఫొటో ఏదైనా తీసిన ఫోన్‌లోనే ఉంచండి.


చంపావతి, ఆదివారం సాయంత్రం 5:15

బీరువా గారూ, మీరు చెప్పిన వరుస ఉంది! ప్రతి వేవ్ ఫైలులోనూ ఉంది, సెకన్లతో సహా.

కానీ అన్నీ 2009, 2010 తేదీలే. సిరిమాను పాట మీద 2009 జనవరి 8 అని ఉంది. రికార్డరు కొనకముందు మూడేళ్ల నాటి తేదీ. అంటే ఇదీ ఆ తప్పుడు గడియారమే. పొద్దున్నుంచి కూర్చుని 268 తేదీలు కాగితం మీద రాసుకున్నాను. ఒక్కటీ నిజం కాదు.


తెనాలి స్టూడియో, ఆదివారం రాత్రి 7:30

అమ్మా చంపావతీ, ఆ కాగితం జాగ్రత్త. చించెయ్యకు. తప్పుగా ఉన్న గడియారం కూడా ఒకే వేగంతో తిరుగుతుంది.

పాతికేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. ఒక పెళ్లికి మూడు కెమెరాలు వెళ్తాయి, మూడింటి టైమూ మూడు రకాలు. ఒకదానికి బ్యాటరీ మార్చినప్పుడు తేదీ పోయి ఉంటుంది, ఇంకోదాన్ని పోయిన నెల దుబాయ్ పెళ్లికి తీసుకెళ్లి టైము మార్చి ఉంటారు. ఆల్బమ్‌కు ఫొటోలన్నీ ఒక వరుసలోకి తేవాలి. అప్పుడు నేను జీలకర్రబెల్లం ఫొటో చూస్తాను. పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టే క్షణం ముగ్గురు కెమెరామెన్లూ వదలరు. తెర దిగిన ఆ ఒక్క ఫొటో మూడు కెమెరాల్లోనూ వెతికి, వాటి మధ్య ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు తేడా ఉందో లెక్కేస్తాను. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంకు ఆ తేడా చెప్తే ఆ కెమెరా ఫొటోలన్నిటికీ ఒకేసారి కలిపేస్తుంది. రెండు వేల ఫొటోలు కన్ను మూసి తెరిచేలోగా వరుసకొస్తాయి.

నీకు కావాల్సింది అలాంటి జీలకర్రబెల్లం ఒక్కటి. ఏ రోజు జరిగిందో నీకు కచ్చితంగా తెలిసిన ఒక్క రికార్డింగ్ దొరికితే చాలు. ఆ నిజం తేదీకీ 2009 తేదీకీ మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టి మిగతా అన్నిటికీ కలుపు.

ఇంకోటి. బ్యాటరీ తీసి చాలాసేపు ఉంచితే గడియారం మళ్లీ మొదటికి పోతుంది. ఫైళ్లను నంబర్ల వరుసలో పెట్టి తేదీలు చదువుకుంటూ వెళ్లు. ఎక్కడ తేదీ ఒక్కసారి వెనక్కి పడుతుందో అక్కడ బ్యాటరీ మారింది. అక్కడినుంచి తేడా వేరు. ఒక్కో ముక్కకూ ఒక్కో జీలకర్రబెల్లం కావాలి.


ఓరుగల్లు, ఆదివారం రాత్రి 7:48

బాబాయ్, ఇది చదివి ఒళ్లు పులకరించింది. అక్కా, నేను మొదట తప్పు చెప్పాను, క్షమించండి. ఫైళ్ల వరుస, తేదీలు నాకు పంపితే ఎక్సెల్‌లో వెనక్కి పడిన చోట్లు గుర్తుపట్టి ఇస్తాను.


డాలస్ నుంచి, ఆదివారం రాత్రి 9:10

లెక్క కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని తేదీలు మన టైములో ఉంటాయి, కొన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైములో ఉంటాయి. రెంటికీ అయిదున్నర గంటల తేడా. మా బాబు హైదరాబాదులో తెల్లవారుజామున పుట్టాడు, మొదటి ఫొటో 2 గంటల 10 నిమిషాలకు తీశాం. ఫొటోలు ఒక సర్వీసు నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు తేదీ ఫొటోలోంచి కాక పక్కన వచ్చిన చిన్న టెక్స్ట్ ఫైలులోంచి తీసుకున్నాను. అందులో ఉన్నది యూటీసీ. ఫలితంగా వాడు ముందురోజు రాత్రి 8:40కే పుట్టినట్టు ఆల్బమ్‌లో చేరిపోయాడు. మా అత్తగారు చూసి, "తిథి మారిపోయిందే!" అన్నారు. ఆవిడ అనకపోతే ఎప్పటికీ గమనించేవాళ్లం కాదు. అర్ధరాత్రి నుంచి అయిదున్నర లోపు తీసినవన్నీ మాకు అలాగే ఒక రోజు వెనక్కి వెళ్లాయి.


పుస్తకాల బీరువా, ఆదివారం రాత్రి 9:45

బెక్స్ట్ అరలో యూటీసీ తేడా రాసే చోటు ఉండదు. రికార్డరు గడియారంలో ఏముంటే అదే పడుతుంది. పైగా ఇక్కడ మనం కలిపే తేడాలోనే అదంతా కలిసిపోతుంది, భయం లేదు.


చంపావతి, మంగళవారం రాత్రి 11:55

రెండు రోజులుగా ఆఫీసు నుంచి రాగానే చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నాను. ఓరుగల్లు తమ్ముడు వేవ్ ఫైళ్లలో రెండు చోట్ల తేదీ వెనక్కి పడిందని గుర్తుపట్టాడు. అంటే వేవ్‌లు మూడు ముక్కలు. ఎంపీత్రీలన్నిటినీ ప్రస్తుతానికి నాలుగో ముక్క అనుకుంటున్నాను.

మొదటి ముక్క సులువుగా దొరికింది. మొట్టమొదటి ఫైలులో నాన్న "హలో, హలో, పడుతోందా?" అంటున్నారు, వెనకాల చంటిపిల్ల ఏడుపు. ఆ ఏడుపు మా పెద్దదానిది. అన్నప్రాసన రోజు కొత్త రికార్డరు పరీక్షించారు. ఆ రోజు నాకు బాగా తెలుసు.

రెండో ముక్కలోనే సిరిమాను పాట ఉంది. అందులో ముప్ఫై ఫైళ్లు విన్నాను, ఏమీ దొరకలేదు. ఇవాళ రాత్రి ఒక ఫైలు పెట్టాను. మా పక్కవీధి తాతగారు, జముకు వాయించేవారు. కథ మొదలెట్టకముందు నాన్నతో మాట్లాడుతున్నారు. "నిన్న ఆదివారం పట్టపగలు మొదలెట్టింది మాస్టారూ, చెట్టనేది మిగల్చలేదు. రేకులు ఎగిరి చెరువులో పడ్డాయి. కరెంటు ఎప్పుడొస్తుందో." నాన్న అంటున్నారు, "దానికి హుద్‌హుద్ అని పేరు పెట్టారట." తాతగారు ఆ మాట రెండుసార్లు పలకడానికి ప్రయత్నించి వదిలేశారు.

హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12, ఆదివారం. అంటే ఈ మాటలు 13, సోమవారం నాటివి. రికార్డరు తేదీ 2009 జనవరి 14. రెండింటికీ మధ్య 2098 రోజులు.


తెనాలి స్టూడియో, బుధవారం ఉదయం 6:05

దొరికింది నీ జీలకర్రబెల్లం. ఇప్పుడు సిరిమాను పాటకు కలిపి చూడు.


పుస్తకాల బీరువా, బుధవారం ఉదయం 7:20

నేను ఆగలేక లెక్కేశాను. 2009 జనవరి 8కి 2098 రోజులు కలిపితే 2014 అక్టోబరు 7 వస్తుంది. ఆ రోజు మంగళవారం. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగేది విజయదశమి దాటాక వచ్చే మంగళవారమే. ఆ ఏడు దసరా అక్టోబరు 3. మనం ఎంచుకున్న ఆనవాలు ఒకటి, సరిచూసింది ఇంకొకటి, రెండూ ఒకే చోటికి వచ్చాయి. ఇంతకంటే గట్టి రుజువు ఏ పరిశోధకుడూ అడగరు.

దయచేసి ఒక పని చెయ్యండి. ఫైళ్లలో ఉన్న 2009 తేదీని దిద్దకండి. అది ఆ యంత్రం ఇచ్చిన సాక్ష్యం, రేపు ఎవరైనా లెక్క మళ్లీ చూడాలంటే అదే ఆధారం. పక్కన ఒక పట్టికలో రికార్డరు తేదీ, సరిదిద్దిన తేదీ, ఏ ఆనవాలుతో సరిదిద్దారు అన్నవి మూడు గడుల్లో రాయండి.


చంపావతి, బుధవారం రాత్రి 10:20

ఏడ్చేశాను అండీ, ఇంకేం రాయను. పొద్దున్నే ఆ పరిశోధన చేసే ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

ఇంకో చిక్కు. క్లౌడ్‌లో 'పైడితల్లి' అని రెండు ఫోల్డర్లు కనిపిస్తున్నాయి, అక్షరం తేడా లేదు. ఒకదానిలో ఆడియో, ఒకదానిలో ఫొటోలు. ఫొటోలు మా ఆయన మాక్‌లోంచి ఎక్కించాం. వెతికితే ఒకటే దొరుకుతోంది. మిగతా ఊళ్లకు ఇలా లేదు.


అచ్చు హల్లు, బుధవారం రాత్రి 11:10

తెలుగు టైపింగ్ మీద పనిచేస్తుంటాను, ఇది నా పేట. మీ ఫోల్డర్ పేరులో ఐత్వం ఉంది, అదే కారణం. కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే యూనికోడ్ పద్ధతిలో తెలుగు ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి ఐత్వం గుర్తు నేరుగా. రెండోది ఎత్వం గుర్తు పెట్టి దాని కింద ఐత్వపు తోక వేరేగా. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటరుకు రెండు వేర్వేరు పేర్లు. తెలుగు గుణింతం గుర్తుల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. మాక్ పాత ఫైల్ పద్ధతి పేర్లన్నిటినీ విడదీసి దాచేది, విండోస్ మీరు కొట్టినది కొట్టినట్టు ఉంచుతుంది. అందుకే బొండపల్లికి, గజపతినగరానికి ఈ బాధ లేదు, పైడితల్లికి వచ్చింది. ఒక ఫోల్డర్ పేరు చెరిపి విండోస్‌లో మళ్లీ టైపు చేసి, ఫైళ్లు అందులోకి జరపండి.

ఇంకోటి కూడా చూసుకోండి. లినక్స్ మీద నడిచే చాలా స్టోరేజ్‌లలో పేరుకు 255 బైట్లే హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ మూడేసి. అంటే 85తో అయిపోతుంది. పాట పల్లవి, పాడినవారి పేరు, ఊరు, మండలం అన్నీ పేరులో పెడితే అది దాటిపోవడం తేలిక.


నిజామాబాద్ పసుపు, గురువారం ఉదయం 8:00

మా అమ్మ కంప్యూటరులో కూడా ఇలాంటి సరుకే ఉంది, వచ్చే వారం మార్చాలి. నష్టం జరగకముందే ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండి.


సర్వర్‌గది, గురువారం ఉదయం 9:30

మార్చకముందు జాబితా తీయండి, అన్నిటికన్నా ముందు అదే. పవర్‌షెల్‌లో ఒక్క కమాండ్‌తో ప్రతి ఫైలు, ప్రతి ఫోల్డర్ పూర్తి దారి, సైజు, క్రియేటెడ్, మాడిఫైడ్ తేదీలు సీఎస్‌వీగా, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా వస్తాయి. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ ఎనిమిది అని విడిగా చెప్పాలి. చెప్పకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలై వస్తాయి. తెరిచి కళ్లతో చూసుకున్నాకే ముందుకెళ్లండి. చంపావతి గారి దగ్గర ఆ ఒక్క జాబితా ఉండి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

డిస్క్ నుంచి డిస్క్‌కు అయితే విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్ వాడండి. అది ఫైళ్ల తేదీలు తెస్తుంది గానీ, ఫోల్డర్ల తేదీలు మామూలుగా తేదు. డీకాపీ ఆప్షన్‌లో టీ చేర్చాలి. క్లౌడ్‌కు అయితే బ్రౌజర్ వద్దు, ఆర్‌క్లోన్ అనే ఉచిత ప్రోగ్రాం మేలు. 2024లో వచ్చిన 1.66 వెర్షన్ నుంచి ఫోల్డర్ తేదీలు కూడా మోస్తుంది, అవతలి సర్వీసు ఒప్పుకుంటే. ఒప్పుకోని చోట ఫోల్డర్ మొత్తాన్ని ఒక టార్ ఫైలుగా కట్టి ఎక్కించండి. చీటీలన్నీ ఆ మూటలోపలే ఉంటాయి. ముందు పది ఫైళ్లతో పంపి, వెనక్కి తెచ్చి, తేదీలు పోల్చి చూడండి.

నేనూ దెబ్బ తిన్నవాడినే. ఒక ఆఫీసులో ఫైల్ సర్వర్ మొత్తం క్లౌడ్‌కు మార్చాను. తేదీలు పోయాయి, అది సర్దుకోవచ్చు. పర్మిషన్లు కూడా పోయాయి, ఓనర్లందరి స్థానంలో నా ఒక్కడి పేరు పడింది. సోమవారం పొద్దున ఒక కుర్రాడు వచ్చి, "అన్నా, జీతాల ఫోల్డర్ నాకెందుకు తెరుచుకుంటోంది?" అని మెల్లగా అడిగాడు. కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. అప్పటినుంచి పర్మిషన్ల జాబితా చేతిలో లేకుండా ఏ సర్వరూ కదపలేదు.


ఓరుగల్లు, గురువారం ఉదయం 10:10

నా మాట కూడా వినండి. జాబితా మంచిదే, కానీ జాబితా ఒక చోట, ఫైళ్లు ఒక చోట అయి పదేళ్లకు విడిపోతాయి. పేరులోనే ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు పెట్టేస్తే ఏ క్లౌడైనా పేరును మాత్రం మోస్తుంది.


పుస్తకాల బీరువా, గురువారం ఉదయం 11:00

రెండూ చెయ్యాలి. జాబితాను కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి, అదీ ఒక ఫైలే కదా.


చంపావతి, ఆదివారం రాత్రి 9:35

ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చిందో రాస్తున్నాను. మూడో ముక్కకు నాన్న పాల లెక్కల డైరీలో ఆనవాలు దొరికింది. "బొండపల్లి, రికార్డరు, బస్సు 18" అని ఒక తేదీ కింద రాసుకున్నారు. 268 వేవ్ ఫైళ్లకూ తేదీలు కుదిరాయి.

ఎంపీత్రీల లోపల ఏమీ లేదు. కార్డు ఇమేజ్ మీద టెస్ట్‌డిస్క్ నడిపితే చెరిపేసిన 61 ఫైళ్ల పేర్లు, రికార్డరు తేదీలు బయటపడ్డాయి. పేరులో మొదటి అక్షరం లేదు, నంబరు చాలు. మిగిలిన 83 వాటి మధ్య ఎక్కడ పడతాయో నంబర్ల వరుసే చెప్తుంది. కానీ ఈ ముక్కకు జీలకర్రబెల్లం లేదు. డైరీ కూడా ఆ ఏడాదిది కనబడటం లేదు.


తెనాలి స్టూడియో, ఆదివారం రాత్రి 9:58

పాటల్లో వెతకకు తల్లీ. పాట ఎప్పుడైనా ఒకటే. పాటకు ముందు, తర్వాత జనం ఏం మాట్లాడుకుంటున్నారో విను. ధరలు, ఎన్నికలు, వానలు, ఏదైనా.


చంపావతి, సోమవారం రాత్రి 10:45

దొరికింది. ఊడ్పు పాటలు పాడే ఆవిడ, పాట అయిపోయాక నాన్న చేతిలో ఏదో పెట్టబోతే వద్దంటోంది. "ఆ అయిదొందల కాగితం నాకొద్దు మాస్టారూ. అది చెల్లదంట. బ్యాంకు కాడ రెండు రోజులు నిలబడ్డాను, మా కోడలు నిలబడింది, సగమే ఇచ్చారు." నాన్న నవ్వి, "నా దగ్గరా ఇవే ఉన్నాయమ్మా, మళ్లీ వచ్చినప్పుడు చీర తెస్తాను" అన్నారు.

పెద్ద నోట్లు రద్దయింది 2016 నవంబరు 8 రాత్రి. అంటే ఇది ఆ నెల మధ్యలోదో, చివరిదో. రోజు తెలియదు.


పుస్తకాల బీరువా, సోమవారం రాత్రి 11:15

తెలియని రోజును ఊహించి నింపకండి. సంవత్సరం, నెల రాసి చివర చిన్న అల గీత పెట్టండి. సుమారుగా అని దాని అర్థం. 2019లో వచ్చిన ఐఎస్‌ఓ 8601 రెండో భాగంలో ఈ గుర్తు ఉంది, గ్రంథాలయాల్లో ఈ పద్ధతి వాడుకలో ఉంది.


చంపావతి, సోమవారం రాత్రి 11:40

అలాగే రాశాను: 2016-11~. ఆనవాలు గడిలో "అయిదొందల నోటు" అని రాశాను. ఆ ఊరి ఫోల్డర్‌లో తర్వాత ఇంకో మూడు రికార్డింగులున్నాయి, చీర తీసుకెళ్లారో లేదో వాటిలో ఉంటుంది. రేపు వింటాను.